పెడల్ ఎందుకు దిగిపోతోందో స్పానర్ పట్టకముందే చెప్పిన ఆటోనగర్ షెడ్డు

విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకుల పని మాత్రమే చేసే ఒక చిన్న షెడ్డు గురించి ఈ సమీక్ష. షెడ్డు పేరు రాయవద్దని యజమాని కోరారు. ఉన్న పనికే తనకూ తన దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళకూ పొద్దు చాలడం లేదని, పేరు బయటికి వస్తే వచ్చినవాళ్ళను తిప్పి పంపవలసి వస్తుందని ఆయన అన్నారు. పేరు లేని సమీక్ష ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నేను అక్కడ డబ్బు చెల్లించి తెచ్చుకున్న వస్తువు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చి చక్రాలకు పంపే భాగం) అయినా, నాకు అసలు దక్కినది తప్పు ఎక్కడుందో తేల్చి చెప్పిన మాట. ఆ తేల్చిన తీరును వివరంగా రాస్తే, చదివేవారు తమ ఊరి షెడ్డులో కూడా పని అలాగే జరుగుతోందో లేదో పోల్చి చూసుకోగలుగుతారు.

మా కారు 2013లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉన్నాయి; గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. లక్ష కిలోమీటర్లకు కొంచెం తక్కువగా తిరిగింది. గత వేసవిలో ఒకనాడు బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగినప్పుడు, బ్రేకు మీద ఆనించిన కాలు తడి ఇసుకలో దిగబడినట్టు మెల్లగా కిందికి పోతున్నదని గమనించాను. కాలు తీసి మళ్ళీ తొక్కితే పెడల్ మామూలు ఎత్తులోనే అందింది. అలాగే ఆనించి ఉంచితే మళ్ళీ దిగింది. నేలను తాకేదాకా పోలేదు, రెండంగుళాలు ఉందనగా ఒక చోట ఆగింది. బలంగా ఒక్కసారి తొక్కినప్పుడు మాత్రం కారు ఎప్పటిలాగే ఆగేది కాబట్టి, రెండు వారాల పాటు దానిని పట్టించుకోలేదు. అది నా తప్పేనని ముందుగా ఒప్పుకుంటున్నాను.

మొదట వెళ్ళింది ఈ షెడ్డుకు కాదు, నగరంలోని ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి. అక్కడ చల్లని గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మూడు గంటల తరువాత ముందు చక్రాల ప్యాడ్లు మార్చామని, బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీశామని చెప్పి 5,900 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. రెండు రోజులు గడవకముందే పెడల్ మునుపటి కంటే వేగంగా దిగడం మొదలైంది. మళ్ళీ వెళితే ఈసారి కాలి బలానికి సాయపడే బూస్టర్ పోయిందని, దానిని మార్చాలని అన్నారు. ఆ రెండు సార్లలోనూ సీటులో కూర్చుని ఒక నిమిషం పాటు పెడల్‌ను తొక్కి పట్టి చూసిన మనిషి ఒక్కరూ లేరు. ఒక పార్టు మార్చి చూడటం, తగ్గకపోతే ఇంకొకటి మార్చడం అనే పద్ధతిలో తప్పు ఏదో ఒకనాటికి దొరకకపోదు. కాకపోతే అప్పటిదాకా ఊహకు అయ్యే ఖర్చు కూడా కారు యజమానిదే.

బూస్టర్ అంచనా కాగితం జేబులో పెట్టుకుని, మా వీధిలో ట్రావెల్స్ కారు నడిపే ఒకాయన చెప్పిన గుర్తుల ప్రకారం ఈ షెడ్డుకు చేరాను. రేకుల కప్పు, ముందు ఒక వేపచెట్టు, లోపల రెండు కార్లు పట్టే చోటు, గోడ పొడవునా మేకులకు వేలాడదీసిన పాత హోస్ పైపులు. యజమానే మేస్త్రి, ఆయనకు అరవై ఏళ్ళ లోపు ఉంటాయి. నేను బూస్టర్ సంగతి చెప్పబోతుంటే ఆయన చేయి అడ్డంగా ఊపి, “అది తరువాత చూద్దాం మాస్టారూ. పాత బిల్లులు తెచ్చారా?” అని అడిగారు. ప్యాడ్లూ ఆయిలూ మార్చిన బిల్లు చూపించాను. పెడల్ దిగడం ఆ పనికి ముందే ఉందా, తరువాత వచ్చిందా, తరువాత పెరిగిందా అని అడిగారు. ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతోందా, నెమ్మదిగా తొక్కినప్పుడే దిగుతోందా లేక గట్టిగా తొక్కినప్పుడు కూడానా, గబగబా రెండు మూడు సార్లు తొక్కితే పెడల్ పైకి వస్తోందా అని ఒక్కొక్కటిగా అడిగి, నా జవాబులు విన్న తరువాతే బానెట్ ఎత్తమన్నారు. ఈ ప్రశ్నలు మాట వరసకు అడిగినవి కావని తరువాత ఒక్కొక్క పరీక్షలోనూ నాకు అర్థమైంది.

పెడల్ ‘మెత్తబడటం’ వేరు, ‘దిగిపోవడం’ వేరు అన్నది ఆయన వాదనకు మూలం. మనం ఈ రెండింటినీ కలిపి బ్రేకు సరిగ్గా లేదని ఒకే మాటలో చెబుతాం. షెడ్డులో కూడా చాలామంది అలాగే వింటారు. పైపుల్లో గాలి చేరితే పెడల్ మెత్తగా, స్పాంజిని తొక్కినట్టు ఉంటుంది, ఎందుకంటే ద్రవం నొక్కుకుపోదు గాని గాలి నొక్కుకుపోతుంది. అయితే గాలి ఎంత నొక్కుకున్నా ఒక చోటికి వచ్చాక ఆగుతుంది; కాలు అదే బలంతో ఉంచితే పెడల్ అక్కడే నిలుస్తుంది. పాతబడిన హోస్ పైపు ఒత్తిడికి ఉబ్బినా అంతే, మెత్తగా ఉంటుంది, కొంత దిగుతుంది, ఆగుతుంది. కాలు కదలకుండా ఉన్నా పెడల్ కదులుతూనే ఉన్నదంటే, నొక్కుకోవడం కాదు, లోపలి ఆయిల్ ఎక్కడికో దారి చూసుకుని పోతోందని అర్థం. అది బయటికి కారుతూ అయినా ఉండాలి, లోపలే ఒక గది నుంచి ఇంకొక గదికి జారుతూ అయినా ఉండాలి. “గాలి తీస్తే తగ్గేది మెత్తదనం మాస్టారూ, దిగుడు కాదు” అన్నారాయన. నేను అంతకుముందు కట్టిన 5,900 రూపాయలు ఎటు పోయాయో ఆ ఒక్క వాక్యంతో తెలిసింది.

ముందు ఇంజను ఆపించి, పెడల్‌ను ఐదారు సార్లు తొక్కించి, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అంతా పోయేలా చేశారు. తరువాత పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టి, అలాగే ఉంచి ఇంజను స్టార్ట్ చేయమన్నారు. స్టార్ట్ కాగానే పెడల్ కాలి కింద ఒక అర అంగుళం కుంగింది. నేను కంగారుపడి అదే తప్పు అనబోయాను. అది తప్పు కాదట, బూస్టర్ పనిచేస్తోందనడానికి సాక్ష్యమట. ఇంజను తిరగగానే వాక్యూమ్ వచ్చి కాలికి సాయం పడుతుంది కాబట్టి పెడల్ కొంచెం కుంగడం సహజం, కుంగకపోతేనే అనుమానించాలి. బూస్టర్ పాడైనా, దానికి వచ్చే వాక్యూమ్ గొట్టం చీలినా పెడల్ రాయిలా గట్టిపడుతుంది గాని దిగిపోదు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టింది, ఒక్క పనిముట్టు కూడా అవసరం కాలేదు. నా జేబులోని అంచనా కాగితంలో ఆ బూస్టర్‌కు వేసిన ధర 11,000 రూపాయలు.

ఆ తరువాతి పరీక్షే నాకు అన్నిటికంటే నచ్చింది. ఆయిల్ డబ్బా మూత చుట్టూ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మూత తీసి, టార్చి వేసి, నన్ను తొంగి చూడమన్నారు. ఒక కుర్రాడు సీటులో కూర్చుని పెడల్‌ను చాలా నెమ్మదిగా, తేలికగా నొక్కుతూ పోయాడు. మాస్టర్ సిలిండర్‌లో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పిస్టన్లు ఉంటాయి, ఒక్కొక్కటి రెండేసి చక్రాలకు ఒత్తిడి పంపుతుంది, పైనున్న డబ్బా కూడా లోపల అడ్డుగోడతో రెండు గదులుగా ఉంటుంది. పెడల్ కదిలిన మొదటి క్షణంలో చిన్న రంధ్రం గుండా కొంత ఆయిల్ పైకి చిమ్మడం మామూలే. కాని ఆ క్షణం దాటిన తరువాత రెండు గదులూ నిశ్చలంగా ఉండాలి. మా కారులో బూస్టర్ వైపున్న గదిలో మాత్రం, పెడల్ దిగుతున్నంతసేపూ, ఊట బావిలో నీరు ఉబికినట్టు అడుగు నుంచి ఆయిల్ సన్నగా సుడి తిరుగుతూ పైకి వచ్చింది. ముందు గది కదలలేదు. కుర్రాడు కాలు తీయగానే సుడి ఆగింది. అదే పెడల్‌ను ధడాలున తొక్కితే సుడి లేదు.

ఎందుకని అడిగాను. ఆయిల్ జారకుండా పిస్టన్‌కు తొడిగిన రబ్బరు కప్పు అంచు సిలిండర్ గోడను పట్టుకునేది తన బిగువుతో మాత్రమే కాదు, లోపలి వైపు నుంచి తోసే ఆయిల్ ఒత్తిడితో కూడా. గట్టిగా తొక్కితే ఒత్తిడి పెరిగి అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది. నెమ్మదిగా తొక్కితే ఆ బలం చాలక, అంచులో ఉన్న చిన్న గాటు గుండా ఆయిల్ వెనక్కి జారిపోతుంది. బెంజి సర్కిల్ దగ్గర దిగిన పెడల్, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు ఎందుకు దిగలేదో ఇక్కడ తేలింది. రెండంగుళాల దగ్గర ఎందుకు ఆగిందో కూడా తేలింది. ఆయిల్ జారిపోయిన వెనుక పిస్టన్ ముందుకు వెళ్ళి ముందున్న పిస్టన్‌ను తాకుతుంది, అప్పటి నుంచి మిగిలిన రెండు చక్రాల వైపు గది మాత్రమే భారం మోస్తుంది. అంటే రెండు వారాలుగా సిగ్నళ్ళ దగ్గర నా కారును చాలాసార్లు రెండు చక్రాల బ్రేకే పట్టి ఉంచిందన్నమాట. అది విన్న తరువాత నాకు ఆ ‘బలంగా తొక్కితే బాగానే ఆగుతోంది కదా’ అన్న ధైర్యం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అప్పటికే జవాబు చేతిలో ఉన్నా ఆయన తొందరపడలేదు. కారును జాకీ మీద ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి (జాకీని నమ్మి కారు కిందికి తల పెట్టని షెడ్డులను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను), నాలుగు చక్రాల లోపలి వైపు తడి కోసం చూశారు. వెనుక డ్రమ్ములు ఊడదీసి, చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడిని అందుకునే వీల్ సిలిండర్ల రబ్బరు టోపీల అంచును గోటితో ఎత్తి లోపల చెమ్మ ఉందేమో చూశారు. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు అతుక్కునే చోట తెల్ల కాగితం ముక్కను దూర్చి తీశారు. వెనుక చివరి కప్పు పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి కారుతుంది, నేల మీద చుక్క పడదు, డబ్బాలో మట్టం మాత్రం తగ్గుతుంది. కాగితం పొడిగా వచ్చింది. మట్టం తగ్గుతోందా అని మొదట అడిగిన ప్రశ్న ఇందుకే.

చివరిగా మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్ళే పైపులను విప్పి, ఆ రంధ్రాలకు ఇత్తడి ప్లగ్గులు బిగించారు. ఇప్పుడు చక్రాలూ పైపులూ హోసులూ లెక్కలో లేవు. మాస్టర్ సిలిండర్ బాగుంటే పెడల్ కొద్దిగా కదిలి గోడను తోసినట్టు ఆగిపోవాలి. నన్నే కూర్చోబెట్టి తొక్కమన్నారు. నెమ్మదిగా నొక్కాను, పెడల్ మునుపటిలాగే దిగింది. ఇక వాదానికి తావు లేదు. ఈ ప్లగ్గులను ఆయన పాత పైపుల నట్లతో తానే తయారు చేసుకున్నారు. రకరకాల మరల కొలతలకు ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఇలాంటి డబ్బా ఉన్న షెడ్డు పార్టులు మార్చి పరీక్షించవలసిన అవసరంలో ఉండదు.

విప్పిన పాత సిలిండర్‌ను నా ముందే కోసి చూపించారు. వెనుక పిస్టన్ కప్పు అంచున వడ్లగింజంత గాటు ఉంది. సిలిండర్ లోపల, పిస్టన్ రోజూ తిరిగే మేర నున్నగా అద్దంలా ఉంది. అది దాటిన తరువాత నల్లటి మడ్డి, చేతికి తగిలే గరుకు గుంటలు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఏళ్ళ తరబడి మార్చకపోతే ఆ తేమ లోహాన్ని తింటుంది, పిస్టన్ వెళ్ళని మూలలో ఆ తుప్పు అలాగే పేరుకుంటుంది. సర్వీసు కేంద్రంలో గాలి తీసేటప్పుడు చక్రం దగ్గర గాలి బయటికి పోయే నిపుల్ విప్పి పెడల్‌ను నేల తాకేదాకా తొక్కి ఉంటారు. అప్పుడు పిస్టన్ తన మామూలు హద్దు దాటి ఆ గరుకు చోటికి వెళుతుంది, మెత్తని రబ్బరు అంచు అక్కడ గీసుకుంటుంది. అరిగిన కప్పు అంతకుముందే ఉంది, దానికి తోడు గాటు పడింది. అందుకే ఆ పని తరువాత దిగుడు పెరిగింది. ఆయిల్ మార్చడం తప్పు కాదని, నేల తాకించడమే తప్పని మేస్త్రి రెండు సార్లు చెప్పారు. అవతలి కేంద్రాన్ని తిట్టలేదు. నేను తిడదామనుకున్నాను గాని, నాలుగేళ్ళుగా ఆయిల్ మార్చని మనిషిని కాబట్టి ఊరుకున్నాను.

రబ్బరు కప్పుల కిట్ వేస్తే చవకలో అవుతుంది కదా అని అడిగాను. లోపల గుంటలు పడిన సిలిండర్‌కు కొత్త కప్పులు వేస్తే, ఆ గుంటలు వాటిని కూడా అరగదీస్తాయని, కిట్ పనికి తాను పూచీ ఉండనని చెప్పి, కొత్త సిలిండరే కొనిపించారు. కొనడానికి కుర్రాడిని పంపకుండా నన్నే దుకాణానికి పంపి, పాత దానిని చేతికిచ్చి, లోపలి వ్యాసం అంకె, పైపుల రంధ్రాల సంఖ్య, డబ్బా అమరే తీరు సరిచూసుకోమన్నారు. వ్యాసం ఎక్కువైన సిలిండర్ పొరపాటున బిగిస్తే పెడల్ గట్టిగా అనిపిస్తుంది గాని, అదే కాలిబలానికి ఒత్తిడి తక్కువ పుడుతుంది. గట్టి పెడల్ అంటే మంచి బ్రేకు అని నమ్మేవారు అక్కడ మోసపోతారు.

కొత్త సిలిండర్‌ను నేరుగా కారుకు ఎక్కించలేదు. బల్ల మీద వైస్‌లో బిగించి, డబ్బాలో ఆయిల్ పోసి, రంధ్రాల నుంచి చిన్న గొట్టాలను తిరిగి డబ్బాలోకే వంచి, స్క్రూ డ్రైవర్ పిడితో పిస్టన్‌ను నింపాదిగా తోస్తూ బుడగలు ఆగేదాకా గాలి తీశారు. కారుకు బిగించిన తరువాత నాలుగు చక్రాల దగ్గరా గాలి తీసేటప్పుడు, పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టారు. పెడల్ ఎంత తొక్కినా ఆ చెక్క దాటి కిందికి పోదు, పిస్టన్ తన హద్దు దాటదు. సిలిండర్ కొత్తదే కదా అంటే, “అలవాటు మాస్టారూ, పాత బండికి మరిచిపోతే ఎలా?” అన్నారు. మా కారు మరమ్మతు మొత్తంలో అన్నిటికంటే చవకైన పనిముట్టు ఆ చెక్క ముక్క. మొదటి కేంద్రంలో లేనిదీ అదే.

ఆయిల్ విషయంలో ఆయన పట్టుదల గురించి కొంత చెప్పాలి. సీలు తీయని డబ్బాను నా కళ్ళ ముందే తెరిచారు, మిగిలినది తిరిగి వాడమని చెప్పి నాకే ఇవ్వబోయి, మళ్ళీ మనసు మార్చుకుని, తేమ పడుతుందని పక్కన పెట్టేశారు. పోసింది డాట్ 4 రకం. ప్రమాణాల ప్రకారం డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ కనీస హద్దులు 140కీ 155కీ పడిపోతాయి. కొత్త డబ్బా మీది అంకెను చూసి ధైర్యపడటం కంటే, డబ్బాలోని పాత ఆయిల్ వయసును చూసి భయపడటం మేలన్నమాట. ఇక్కడ మన భాష కూడా ఒక చిక్కు తెచ్చిపెట్టింది. అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గాని అది మట్టినూనె జాతి నూనె కాదు, గ్లైకాల్ ద్రవం. ఆయిలే కదా అని ఎవరో పవర్ స్టీరింగ్ ఆయిల్ పోసిన కారు ఒకటి ఆ షెడ్డుకు వచ్చిందట. రబ్బరు కప్పులన్నీ ఉబ్బి, బ్రేకులు పట్టేసి, మాస్టర్ సిలిండర్ మొదలు హోసుల దాకా రబ్బరు ఉన్న ప్రతి భాగమూ మార్చవలసి వచ్చిందట. అదే గ్లైకాల్ ద్రవం కారు రంగు మీద పడితే రంగును తినేస్తుంది కాబట్టి, పని సాగినంతసేపూ ఫెండర్ మీద తడిగుడ్డ పరిచి ఉంచారు.

పెడల్ దిగడం ఆగింది గాని, మొదటి తొక్కులో కొంచెం లోతుగానే అందుతోంది, రెండోసారి తొక్కితే పైకి వస్తోంది. ఇది ఇంకొక తప్పు. వెనుక డ్రమ్ములలో, డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి పట్టే షూలను తనంతట తానే దగ్గరికి జరిపే అడ్జస్టర్ తుప్పుతో బిగుసుకుపోయింది. షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగి, ఆ ఖాళీ నింపడానికే పెడల్ ప్రయాణంలో సగం ఖర్చవుతోంది. గాలి ఉన్నా పంపింగ్ చేస్తే పెడల్ పైకి వస్తుంది కాబట్టి దీనిని కూడా గాలిగానే పొరబడతారు. తేడా ఏమిటంటే, పైకి వచ్చిన పెడల్ స్పాంజిలా ఉంటే గాలి, గట్టిగా ఉంటే షూల ఖాళీ. అడ్జస్టర్లు విప్పి శుభ్రం చేసి, షూలు సర్దిన తరువాత హ్యాండ్‌బ్రేక్ కూడా రెండు పళ్ళు తక్కువలోనే పట్టింది.

ఇక ఫిర్యాదులు. డ్రమ్ములలోని దుమ్మును ఒక కుర్రాడు గాలి గొట్టంతో ఊదేశాడు, మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఊదకుండా తడిపి తుడవాలి. ఇంత పద్ధతిగల మేస్త్రి తన దగ్గర పనిచేసే పిల్లల ఊపిరితిత్తుల గురించి ఆ పద్ధతి పాటించకపోవడం నాకు మింగుడుపడలేదు. ఆ మాట అంటే నవ్వి ఊరుకున్నారు. చక్రాల నట్లను కొలత చూపే స్పానర్‌తో కాక భుజబలంతో బిగించారు. ఉదయం పది గంటలకు వెళ్ళిన నేను సాయంత్రం ఆరున్నరకు బయటపడ్డాను, కూర్చోవడానికి ఒక్క ప్లాస్టిక్ కుర్చీ, అదీ ఎండ తిరిగినప్పుడల్లా జరుపుకోవాలి. బిల్లు అడిగితే గీతల కాగితం మీద రాసి ఇచ్చారు. సిలిండర్‌కు మాత్రం నేనే దుకాణంలో కొన్నాను కాబట్టి సరైన బిల్లు ఉంది.

ఇంకొక పరిమితి ఉంది, ఇది ఫిర్యాదు కాదు. మన దేశంలో కొత్త మోడల్ కార్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఏబీఎస్ యూనిట్ లోపలి వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా పెడల్ దిగవచ్చు, అందులో చిక్కిన గాలిని తీయడానికి చాలా కార్లకు స్కానర్ కావాలి. ఈ షెడ్డులో స్కానర్ లేదు. ప్లగ్గుల పరీక్షలో మాస్టర్ సిలిండర్ బాగుందని తేలితే, తన పని అంతవరకేనని చెప్పి వేరే చోటికి పంపుతారు. ఉన్న పనిముట్లకు మించి ప్రయోగం చేయరు.

బిల్లు ఇలా వచ్చింది. పరీక్షకు 500, సిలిండర్‌కు 3,400, ఆయిల్‌కు 560, బిగింపుకు 1,500, వెనుక డ్రమ్ముల పనికి 600, మొత్తం 6,560 రూపాయలు. పరీక్ష రుసుమును పని కూలిలో తగ్గిస్తారేమోనని అడిగితే తగ్గించరని చెప్పారు. మొదట నాకు కొంచెం కష్టం అనిపించింది. అయితే పరీక్షకు విడిగా డబ్బు తీసుకునే మేస్త్రికి, పార్టు అమ్ముడైతేనే రోజు గడుస్తుందన్న ఒత్తిడి ఉండదు. తప్పు ఏమీ లేదని చెప్పి పంపినా ఆయనకు నష్టం లేదు. ఉచితంగా చూస్తామనే చోట ఆ ఖర్చు ఏదో ఒక పార్టు ధరలో కూర్చుంటుంది. నా విషయంలో అది బూస్టర్ ధరలో కూర్చోబోయింది.

తరువాత ఒక నెలకు కుటుంబంతో తిరుమల వెళ్ళి వచ్చాం. బయలుదేరే ముందు ఘాట్ సంగతి మేస్త్రిని అడిగితే, కొండ దిగేటప్పుడు వచ్చే దిగుడు మూడో రకమని చెప్పారు. మలుపు మలుపుకూ బ్రేకు మీదే కాలు ఉంచితే డిస్కుల వేడి ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ దాకా పాకి, పాతబడిన ఆయిల్ అక్కడ మరిగి ఆవిరి బుడగ కడుతుంది. పెడల్ ఒక్కసారిగా నేలకు పోతుంది. బండి ఆపి గంటసేపు చల్లారనిస్తే మళ్ళీ గట్టిపడుతుంది, షెడ్డుకు తీసుకొస్తే ఏ తప్పూ కనిపించదు. చల్లారాక బాగైపోయే దిగుడు ఆయిల్ వల్ల, చల్లగా ఉన్నా ఉండే దిగుడు సిలిండర్ వల్ల అని ఆయన గుర్తు. పాత ఘాట్‌లో రెండో గేరులో, ఇంజను పట్టుతోనే దిగాను. అలిపిరి చేరేదాకా పెడల్ ఎత్తు మారలేదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగిన తరువాత ఒకసారి చూపించమన్నారు కాబట్టి మళ్ళీ వెళ్ళాను. వెనుక షూలు ఇంకొంచెం సర్ది, డబ్బాలో మట్టం చూసి, నెమ్మదిగా నొక్కే పరీక్షను తానే ఇంకోసారి చేసి, డబ్బు తీసుకోకుండా పంపారు. ఆ రోజు డ్రమ్ము విప్పిన కుర్రాడి మూతికి చేతిరుమాలు కట్టి ఉంది. వెళ్ళదలచినవారు ఆటోనగర్‌లో మాస్టర్ సిలిండర్లు చూసే షెడ్డు ఏదని అడగండి, ట్రావెల్స్ డ్రైవర్లు చూపిస్తారు. ఉదయం పదిలోపు చేరితేనే అదే రోజు పని అవుతుంది. పాత బిల్లులు వెంట తీసుకెళ్ళండి, ఆయన మొదట అడిగేవి అవే.